మంద వెంట పోయే పిల్లవాడికి అన్నం ఏ బడిలో?

మా బాతెల్ లో నలుగురు తెలుగువాళ్ళు కూడినచోట మధ్యాహ్న భోజనం మాట వచ్చిందంటే రెండు పార్టీలు తయారవుతాయి. (బడిపిల్లల మధ్యాహ్న భోజనం సంగతండీ. వారాంతపు పాట్‌లక్ భోజనాల విషయంలో మా అందరిదీ ఒకటే పార్టీ.) మొదటి పార్టీవాళ్ళు "బడి అంటే చదువు చెప్పే చోటు, పూటకూళ్ళ ఇల్లు కాదు. పంతుళ్ళు బియ్యం లెక్కలు రాసుకుంటూ కూర్చుంటే పాఠాలెవరు చెబుతారు?" అంటారు. రెండో పార్టీవాళ్ళు "ఒక పూట అన్నం పెడితే పిల్లలు వాళ్ళే వస్తారు, తలా ఇంత వేసుకుని ఊళ్ళో బడికి వంటగది కట్టిద్దాం పదండి" అంటారు.

నన్ను లెక్కవేస్తే రెండో పార్టీలోనే వేసుకోండి. కానీ ఆ "వాళ్ళే వస్తారు" అన్న మాట దగ్గర నాకు పేచీ ఉంది. ఊళ్ళో ఉండే పిల్లలు వస్తారు, నిజమే. ఏడాదిలో సగం రోజులు ఊళ్ళోనే ఉండని పిల్లల మాటేమిటి? గొర్రెల మందల వెంట తిరిగే గొల్ల, కురుమ పిల్లల గురించి ఈ టపా.

మాది పాలమూరు జిల్లా. (దాన్ని ఇప్పుడు ఐదు ముక్కలు చేశారు. నా వరకూ ఇంకా పాలమూరే.) గొర్రెలు అనగానే చాలామందికి తలపాగా చుట్టుకున్న రాజస్థాన్ మనిషి కళ్ళ ముందు కనిపిస్తాడు, కేలండర్ల పుణ్యమా అని. లెక్కలు వేరే చెబుతున్నాయి. 2019 పశుగణనలో దేశం మొత్తం మీద గొర్రెలు 7 కోట్ల 43 లక్షలు. అందులో తెలంగాణవి 1 కోటీ 91 లక్షలు, ఆంధ్రప్రదేశ్ వి 1 కోటీ 76 లక్షలు. మొదటి స్థానం, రెండో స్థానం రెండూ మనవే. అంటే దేశంలో ఉన్న ప్రతి రెండు గొర్రెల్లో ఒకటి తెలుగు మాట వినే గొర్రె అన్నమాట! ఇన్ని కోట్ల జీవాలు ఒకేచోట గడ్డి తిని బతకవు కదా. వాటిని తిప్పే మనుషులుండాలి, ఆ మనుషులకి పిల్లలుంటారు.

తొలకరి పడ్డాక ఊరి చుట్టూ బీళ్ళలో, గుట్టల మీద పచ్చిక ఉంటుంది. పంటలు కోశాక కొన్నాళ్ళు కొయ్యకాళ్ళు మేపుతారు. సంక్రాంతి దాటేసరికి అదీ అయిపోతుంది, కుంటలు అడుగంటుతాయి. అప్పుడు నాలుగైదు కుటుంబాలవాళ్ళు మందలు కలుపుకుని బయలుదేరతారు. కొందరు నల్లమల వైపు, కొందరు కృష్ణ దాటి కర్నూలు, గుంటూరు వైపు, మక్తల్ చుట్టుపక్కలవాళ్ళు కొందరు రాయచూరు వైపు. కాలవ కింద వరి కోసిన మళ్ళు ఎక్కడుంటే అక్కడికి. రాత్రిపూట రైతు పొలంలో మంద నిలిపితే ఆయనకి ఎరువు, వీళ్ళకి రాత్రికి ఇంతని డబ్బో ధాన్యమో. ఒక ఊళ్ళో వారం, ఇంకో ఊళ్ళో పదిరోజులు. మళ్ళీ వానలు పడ్డాకే ఇంటిముఖం.

ఇందులో పిల్లలకేం పని అనుకుంటారేమో. పెద్ద గొర్రెల్ని మగవాళ్ళు మేతకి తోలుకుపోతారు. ఈనిన పిల్లల్ని దొడ్డిలో ఉంచి కనిపెట్టుకుని ఉండాలి. కుక్క రాకుండా, తోడేలు రాకుండా, రోడ్డు మీదకి పోకుండా. నీళ్ళు మొయ్యాలి. అమ్మ వంట చేస్తుంటే చంటిపిల్లని చంకనేసుకోవాలి. ఎనిమిదేళ్ళ పిల్లకి, పదేళ్ళ పిల్లవాడికి సరిగ్గా సరిపోయే పనులు. అదే గొడవ. వాళ్ళు చేయలేని పని అయితే ఎప్పుడో బడికి పంపేసేవారు. పెద్దపనికి జీతగాణ్ణి పెట్టుకుంటారు కానీ గొర్రెపిల్లల కాపలాకి జీతం ఇచ్చి మనిషిని ఎవరు పెట్టుకుంటారు?

మా తరగతిలో ఒక కురుమ పిల్లవాడు ఉండేవాడు. పేరెందుకులెండి. ఎక్కాలు మా అందరికంటే గబగబా చెప్పేవాడు, గొర్రెల్ని జతలు జతలుగా లెక్కపెట్టే అలవాటు మరి. సంక్రాంతి సెలవులయ్యాక కనిపించేవాడు కాదు. జూలైలో గొంగడి మడిచి భుజాన వేసుకుని మళ్ళీ ప్రత్యక్షం. వాడు లేని నెలలన్నీ హాజరు పట్టీలో వాడి వరస నిండా ఎర్రసిరా. రెండేళ్ళు అలా నడిచింది. మూడో ఏడు వాడు తిరిగి వచ్చేసరికి వాడి పేరు పట్టీలో లేదు, కొట్టేశారు. మళ్ళీ చేర్చుకోవాలంటే నాన్నని తీసుకురమ్మన్నారు. నాన్న మందతో ఉన్నాడు. అక్కడితో వాడి చదువు సరి. ఆ పంతులుగారు చెడ్డమనిషేం కాదు, రూలు ప్రకారం చేశారు. నాకు అభ్యంతరమల్లా ఆ రూలు మీదే.

నేను పొట్టపోసుకునేది డేటాబేసుల మీద కాబట్టి నాకు ఆ పట్టీ ఇప్పుడు ఇంకోలా కనిపిస్తుంది. ఆ పట్టీలో మనిషికీ చోటుకీ తేడా లేదు. పిల్లవాడు అంటే ఆ ఊరి బడిలో, ఆ బల్ల మీద, ఆ రోజు కూర్చున్నవాడు. చోటు మారిన మరుక్షణం వాడు లేనట్టే. మధ్యాహ్న భోజనం వచ్చి చేరింది ఇలాంటి పట్టీ మీదకే.

ఆ భోజనం కథ కాస్త చెప్పుకోవాలి, ఎందుకంటే అందులో మనవాళ్ళ చెయ్యి మొదటినుంచీ ఉంది. 1920లో మద్రాసు కార్పొరేషన్ థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని తన బడిలో పిల్లలకి ఫలహారం పెట్టాలని తీర్మానించింది, పిల్లవాడికి రోజుకి అణా మించకుండా. దాన్ని ప్రతిపాదించిన అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ చెట్టి, తెలుగు దేవాంగుల ఇంటివాడు. తర్వాత 1950ల్లో కామరాజ్, 1982లో ఎంజీఆర్ తమిళనాట దాన్ని పెంచి పెద్దచేశారు. దేశమంతటికీ 1995 ఆగస్టు 15న కేంద్రం ఒక పథకం పెట్టింది. అయితే వండి పెట్టడం తలనొప్పి అని చాలా రాష్ట్రాలు బియ్యమో గోధుమలో కొలిచి ఇచ్చేవి. పిల్లవాడికి నెలకి 3 కిలోలు. ఎవరికీ? 80 శాతం హాజరు ఉన్నవాళ్ళకి.

ఈ 80 శాతం దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఊళ్ళో షావుకారు కొడుక్కి హాజరు ఉంటుంది, బియ్యం వస్తాయి. మంద వెంట పోయినవాడికి హాజరు ఉండదు, బియ్యం రావు. పిల్లల్ని బడికి రప్పించడానికి పెట్టిన పథకం, ఎవరు రావడం కష్టమో సరిగ్గా వాళ్ళనే వడపోసి పక్కన పెట్టింది. ఎవరో కావాలని చేశారని కాదు. ఆఫీసులో కూర్చుని రాసినవాళ్ళకి పిల్లలంటే ఇంట్లో ఉండేవాళ్ళే.

2001లో పౌరహక్కుల ప్రజాసంఘం (పీయూసీఎల్) వేసిన కేసులో సుప్రీంకోర్టు ఆ నవంబరు 28న ఆర్డరు వేసింది: ధాన్యం కొలిచి ఇస్తే కుదరదు, వండిన అన్నం పెట్టాలి, కనీసం 300 కేలరీలు, ఏడాదిలో కనీసం 200 రోజులు. మన రాష్ట్రంలో 2003 జనవరిలో మొదలైంది. వండే పని మహిళా సంఘాలకి అప్పగించారు. వండిన అన్నానికి నెలాఖరు లెక్క లేదు. ఆ రోజు వచ్చిన పిల్లవాడు ఆ రోజు తింటాడు. 80 శాతం గొడవ దానంతట అదే పోయింది. ఇప్పుడు ప్రాథమిక బడిలో పిల్లవాడికి 100 గ్రాముల బియ్యం, 450 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీను అని లెక్క. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దానికి తోడు గుడ్డు. ఆంధ్రాలో 2023 నుంచి రాగిజావ కూడా. (మా కురుమ మిత్రుడు పొద్దున్నే తాగి వచ్చే అంబలిని చూసి మేం నవ్వేవాళ్ళం. దానికి ఇప్పుడు సర్కారు మెనూలో చోటు దొరికింది.)

మొదటి పార్టీ మిత్రులకి ఇక్కడ ఒక మాట. కులాల వారీగా మంచినీళ్ళ కుండలు వేరుగా ఉన్న ఊళ్ళలో పిల్లలందరూ ఒక వరసలో కూర్చుని ఒకే గిన్నెలోంచి తినడం చిన్న సంగతి కాదు. ఆడపిల్లలు బడిలో నిలబడటానికి ఈ అన్నం సాయపడిందని అర్థశాస్త్రవేత్తలు లెక్కలు కట్టి చూపించారు. నేను పథకాన్ని తప్పు పట్టడం లేదు. అది ఆగిపోయిన చోటు గురించి మాట్లాడుతున్నాను.

మంద కర్నూలు వైపు ఏదో ఊళ్ళో దిగింది. పొలానికి అరమైలు దూరంలో బడి ఉంది. మధ్యాహ్నం గంట కొట్టారు, పప్పు వాసన పొలం దాకా వస్తోంది. మన పిల్లవాడు వెళ్ళి వరసలో కూర్చోవచ్చా? చట్టం చూస్తే కూర్చోవచ్చనే అనిపిస్తుంది. 2010లో అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం పిల్లవాడికి ఒక బడి నుంచి ఇంకో బడికి మారే హక్కు ఇచ్చింది. టీసీ రావడం ఆలస్యమైందని చేర్చుకోకపోవడం కుదరదంది. వయసు కాగితం లేదని కాదనకూడదంది. ఏడాది మధ్యలో వచ్చాడని కాదనకూడదంది. 2013 ఆహార భద్రతా చట్టం సర్కారు బడిలో ఉన్న పిల్లవాడికి మధ్యాహ్నం అన్నం హక్కు అంది. కాగితం మీద ఇంతకంటే ఏం కావాలి?

కానీ హెడ్మాస్టరు వైపు నుంచి చూడండి. వీడు పదిరోజులుండి పోతాడు. చేర్చుకోవాలంటే పాత బడి వాడి పేరుని కంప్యూటర్లో వదలాలి, ఈయన పట్టుకోవాలి. ఇప్పుడు యూడైస్ ప్లస్ అని దేశంలో ప్రతి బడిపిల్లవాడికీ ఒక నంబరు ఇచ్చారు, శాశ్వత విద్యా సంఖ్య అంటారు. బడి వదిలిన పిల్లల పేర్లు వెళ్ళి పడే చోటుకి అందులో ఒక ముద్దుపేరు ఉంది: డ్రాప్ బాక్స్. అక్కడినుంచి వేరే బడి ఆ పేరుని తెచ్చుకోవచ్చు. ఏడాదికి ఒకసారి ఊరు మారే బ్యాంకు ఉద్యోగి కొడుక్కి ఇది చక్కగా సరిపోతుంది. నాలుగు నెలల్లో ఎనిమిది ఊళ్ళు మారే పిల్లవాడికి ఎనిమిదిసార్లు డ్రాప్ బాక్స్ లో పడి ఎనిమిదిసార్లు లేవడం ఎవరివల్ల అవుతుంది? అవదు కాబట్టి ఎవరూ మొదలుపెట్టరు.

ఇక వంటమనిషి వైపు నుంచి చూడండి. అందరూ మరచిపోయేది ఈవిడనే. బియ్యం సర్కారువి. పప్పు, కూర, నూనె, వంటచెరకు ఖర్చు మాత్రం పిల్లవాడికి ఇంతని తర్వాత ఇస్తారు. 2025 మే నుంచి కేంద్రం కట్టిన రేటు ప్రాథమిక బడిలో పిల్లవాడికి రోజుకి 6 రూపాయల 78 పైసలు. దానికి రాష్ట్రాలు కొంత కలుపుతాయి అనుకోండి. బిల్లు నెలల తరబడి రాదు. ఆవిడ కిరాణా కొట్లో అప్పు పెట్టి వండుతుంది. పట్టీలో పేరు లేని నలుగురు పిల్లలు వచ్చి కూర్చుంటే వాళ్ళ పప్పు ఖర్చు ఆవిడ మీద పడుతుంది. అయినా పెడతారు చాలామంది, పిల్లలు చూస్తుంటే పెట్టకుండా ఎలా ఉంటారు? కానీ ఒక పేదామె జాలి మీద ఇంకో పేదవాడి పిల్లల హక్కు నడవాలనడం నాకు మింగుడుపడదు.

ఇక్కడే నాకు ఒళ్ళు మండే సంగతి ఒకటుంది. ఆ పిల్లవాడి తండ్రికి రేషన్ కార్డు ఉందనుకోండి. 2019 ఆగస్టులో ఆంధ్రా, తెలంగాణల మధ్య కార్డు ఒక రాష్ట్రానిదైనా బియ్యం రెండో రాష్ట్రంలో తీసుకునే ఏర్పాటు మొదలైంది. దేశంలో అలా మొదలుపెట్టిన మొదటి రెండు జంటల్లో మనది ఒకటి. (రెండోది గుజరాత్, మహారాష్ట్రలది.) 2022కల్లా దేశమంతా వచ్చేసింది. ఆహార భద్రతా చట్టం కింద ఇచ్చిన కార్డు చేతిలో ఉంటే తండ్రి కర్నూలు జిల్లాలో ఏదో ఊరి డీలర్ దగ్గర మిషన్ మీద వేలు పెడితే బియ్యం తూచి ఇస్తారు. ఊళ్ళో ఉన్న ముసలివాళ్ళ వాటా వాళ్ళు అక్కడ తీసుకోవచ్చు. డీలర్ జేబులోంచి ఏమీ పోదు, ఎవరి ఖాతాలో రాయాలో వాళ్ళ ఖాతాలో పడుతుంది.

తండ్రి బియ్యం నది దాటాయి. కొడుకు అన్నం ఊళ్ళోనే ఉండిపోయింది. రెండూ ఒకే చట్టం కింద హక్కులు, రెండూ అవే గోదాముల బియ్యం. మొదటిది చేయగలిగినవాళ్ళకి రెండోది చేతకాదంటే నమ్మమంటారా? అడిగేవాళ్ళు లేరు, అంతే. రేషన్ పోర్టబిలిటీని భవన నిర్మాణ కార్మికుల కోసం అడిగినవాళ్ళున్నారు. గొర్రెల కాపరి బస్తీలో ఉండడు, ధర్నాచౌక్ కి రాడు, గొర్రెల్ని వదిలి రాలేడు కదా.

మన సర్కార్లకి కాపరులంటే ప్రేమ లేదనీ అనలేం. 2017 జూన్ లో తెలంగాణ ప్రభుత్వం కొండపాకలో గొర్రెల పంపిణీ మొదలుపెట్టింది. 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఒక యూనిట్, 75 శాతం సబ్సిడీ. ఆ గొర్రెల చెవులకి నంబర్లేసిన బిళ్ళలు కొట్టారు. గొర్రె ఎక్కడ కొన్నదో, ఎవరిదో ఆ బిళ్ళ చెబుతుంది. ఆ గొర్రె పక్కన కర్ర పట్టుకుని నిలబడ్డ పిల్లవాడు ఎవడో, ఏ బడివాడో చెప్పే బిళ్ళ మాత్రం ఏ ఆఫీసరు చేతిలోనూ లేదు. ఇంకోమాట, ఇంటికి ఇరవై గొర్రెలు పెరిగితే వాటిని కాసే చేతులు ఎక్కడినుంచి వస్తాయో ఆ పథకం రాసినవాళ్ళు ఆలోచించినట్టు కనిపించదు.

సరే, ఇక నేనుండే దేశం సంగతి. అమెరికాని చూసి నేర్చుకోండి అని చెప్పడం నాకు ఇష్టం ఉండదు. బడిలో అన్నం విషయంలో వీళ్ళూ తక్కువ తిప్పలు పెట్టలేదు. 1946లో ట్రూమన్ కాలంలో స్కూల్ లంచ్ చట్టం చేసి, ఇప్పటికీ చాలా రాష్ట్రాల్లో ఏ పిల్లవాడు పేదవాడో తేల్చడానికి తల్లిదండ్రులతో ఫారాలు నింపిస్తారు. కోవిడ్ లో అందరికీ ఊరికే పెట్టి 2022 జూన్ తో మానేశారు. అయినా ఒకటి రెండు పనులు చూడదగ్గవి ఉన్నాయి.

మేముండే బాతెల్ నుంచి కొండలు దాటి తూర్పుకి రెండు మూడు గంటలు కారులో పోతే యాకిమా లోయ వస్తుంది. మన దుకాణాల్లో వాషింగ్టన్ ఆపిల్ అని స్టిక్కర్ వేసి అమ్మేవి అక్కడివే. ఆ తోటల్లో చెర్రీలు, ఆపిల్స్ కోసేవాళ్ళు ఎక్కువగా మెక్సికో నుంచి వచ్చినవాళ్ళు, పంట వెంట ఊళ్ళు తిరిగేవాళ్ళు. కాలిఫోర్నియాలో కొన్నాళ్ళు, ఇక్కడ కొన్నాళ్ళు. మన మందల కథే, గొర్రెల బదులు పండ్లు. 1966లోనే అమెరికా కాంగ్రెస్ ఇలాంటి పిల్లల చదువుకి ప్రత్యేకంగా ఒక పద్దు పెట్టింది. ఆ తర్వాత మూడు నాలుగేళ్ళకి, అంటే కంప్యూటరు గదంత ఉండే రోజుల్లో, ఆర్కన్సా రాష్ట్రంలోని లిటిల్ రాక్ ఊళ్ళో ఒక పెద్ద కంప్యూటరు పెట్టి దేశంలో ఈ పిల్లల రికార్డులన్నీ అందులో దాచారు. ఏ టీకాలు వేయించుకున్నాడు, ఎంతవరకు చదివాడు. కొత్త ఊళ్ళో బడివాళ్ళు అడిగితే అక్కడినుంచి పంపేవారు. అది నత్తనడక నడిచిందని, ఖర్చు ఎక్కువని తిట్టి 1995లో మూసేశారు. (ప్రభుత్వ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల మీద నా అభిప్రాయాలు మరో టపాలో.) 2007లో దాని స్థానంలో ఇంకో వ్యవస్థ వచ్చింది, రాష్ట్రాల మధ్య రికార్డులు అందులో మారతాయి.

నన్ను ఆకట్టుకున్నది కంప్యూటరు కాదు, ఆ పద్దులో ఉన్న మనుషులు. తోటలకీ, కూలీల క్యాంపులకీ తిరిగి "మీకు పిల్లలున్నారా, ఎప్పుడొచ్చారు?" అని అడిగి పేర్లు రాసుకోవడమే ఉద్యోగంగా ఉన్నవాళ్ళున్నారు. మా రాష్ట్రంలో ఆ రికార్డుల ఆఫీసు కూడా రాజధానిలో కాదు, యాకిమా లోయలోనే సన్నీసైడ్ అనే చిన్న ఊళ్ళో ఉంది. ఒకసారి పేరు రాస్తే వలస వచ్చిన రోజు నుంచి 36 నెలలు ఆ పిల్లవాడు వలసపిల్లవాడి కిందే లెక్క. బడిలో అన్నానికి వాడి తల్లిదండ్రులు విడిగా ఫారం నింపక్కర్లేదు. 2004లో చేసిన చట్టసవరణతో పేరు ఆ జాబితాలో ఉంటే చాలు, ఊరికే పెడతారు.

వేసవిలో ఇంకో పద్ధతి ఉంది. పార్కుల్లో, లైబ్రరీల్లో కొన్నిచోట్ల మధ్యాహ్నం భోజనం పెడతారు. పద్దెనిమిదేళ్ళ లోపు ఎవరొచ్చినా పెడతారు. పేరు అడగరు, ఏ బడి అని అడగరు, కాగితం అడగరు. ఎన్ని పళ్ళేలు పెట్టారో లెక్క రాసుకుని సర్కారు నుంచి డబ్బు తీసుకుంటారు. పళ్ళెం లెక్క, పేరు లెక్క కాదు. మన పొలం పక్క బడిలో వంటమనిషికి కావలసింది సరిగ్గా ఇదే.

(అమెరికాలో గొర్రెల కాపరుల సంగతీ చెప్పేస్తాను. ఇక్కడి పడమటి రాష్ట్రాల కొండల్లో గొర్రెలు కాసేవాళ్ళలో ఎక్కువమంది పెరూ నుంచి వచ్చినవాళ్ళు, హెచ్-2ఏ వీసా మీద. మనకి హెచ్-1బీ, వాళ్ళకి హెచ్-2ఏ, ఒక అక్షరం, ఒక అంకె తేడా. భార్యాపిల్లల్ని ఊళ్ళో వదిలి ఏళ్ళ తరబడి ఒంటరిగా ఒక బండిలో కాపురం. పిల్లల చదువు సమస్య తండ్రిని తీసేసి పరిష్కరించారన్నమాట.)

అసలు మంద వెంట పిల్లల్ని తీసుకుపోవడమే తప్పు కదా, ఊళ్ళోనే ఉంచి చదివించాలి కదా అనే వాదన ఉంది. అది తేలిగ్గా తోసేసే వాదన కాదు. మన దగ్గర దాన్ని గట్టిగా చెప్పింది శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్. 1990ల్లో రంగారెడ్డి జిల్లాలో మొదలుపెట్టి, బడి బయట ఉన్న ప్రతి పిల్లవాడూ బాలకార్మికుడే, గొర్రెలు కాసినా సరే, వాడి చోటు మామూలు బడే అన్నారు. పెద్దపిల్లలకి శిబిరాలు పెట్టి కొన్ని నెలల్లో వాళ్ళ ఈడు తరగతికి తయారుచేసి పంపారు. రాత్రిబడి, గొర్రెల దగ్గర బడి లాంటి సర్దుబాట్లని ఒప్పుకోలేదు. ఆ మొండితనం వల్లే వేలమంది పశువుల కాపరి పిల్లలు పుస్తకం పట్టారు. 2003లో ఆమెకి మెగసెసే అవార్డు వస్తే సంతోషించినవాళ్ళలో నేనూ ఉన్నాను. పాలమూరులో, అనంతపురంలో వలస రోజులకి సర్కారు సీజనల్ హాస్టళ్ళు పెట్టింది కూడా ఈ ఆలోచనతోనే. తల్లిదండ్రులు తిరిగి వచ్చేదాకా పిల్లలు ఊరి బడిలోనే తిని, అక్కడే పడుకుంటారు.

దీనికి ఎదురు కొసన ఇరాన్ లో బహ్మన్‌బేగీ. కష్కాయ్ అనే గొర్రెల కాపరుల తెగలో పుట్టి, 1950ల నుంచి ఆ తెగలవాళ్ళ వెంట తిరిగే తెల్లని గుడారాల బడులు పెట్టించాడు. పంతుళ్ళు కూడా ఆ తెగల పిల్లలే. మన కాశ్మీరులో బకర్వాల్ పిల్లల కోసం వేసవిలో మందతో పాటు కొండ ఎక్కే పంతుళ్ళు ఉన్నారు. చదవడానికి బాగుంటుంది. కానీ అక్కడ వందల కుటుంబాలు ఒక దారిన కదులుతాయి. మన దగ్గర నాలుగు కుటుంబాలు ఒక దిక్కుకి, మూడు ఇంకో దిక్కుకి పోతాయి. ఆరుగురు పిల్లలకి ఒక గుడారం, ఒక పంతులు... ఏ ఆర్థికశాఖ ఒప్పుకుంటుంది? పైగా అడుగడుగునా ఊళ్ళుండి, ఊరూరా బడులున్న దేశం మనది. ఉన్న బడి పక్కనే ఇంకో గుడారం వేయడం దేనికి?

హాస్టల్ కూడా అందరికీ నప్పదు. మంగోలియాలో గొర్రెల కాపరుల పిల్లలకి హాస్టల్ బడులు చాలా ఏళ్ళు బ్రహ్మాండంగా నడిచాయి. 1990ల్లో సర్కారు చేతిలో డబ్బు అయిపోయి, హాస్టల్లో పిల్లవాడు ఉండాలంటే ఇంటినుంచి మాంసం తెచ్చి ఇవ్వాలన్నారు. మందలు సొంతానికి వచ్చి ఇంట్లో పని పెరిగిన రోజులవి. మగపిల్లలు గుంపులు గుంపులుగా బడి మానేశారు. ఆ నిబంధన తర్వాత ఎత్తేశారు, మానేసినవాళ్ళు మాత్రం మానేసినట్టే. మన సీజనల్ హాస్టల్ మంచిదే, నిధులు టైముకి వచ్చి, జనవరి మొదటివారానికే తెరిస్తే. మంద ఊరు దాటిపోయాక తెరిచిన హాస్టల్ ఎవరికి? ఇంకో సంగతి, ఆరేళ్ళ పిల్లని ఆరునెలలు హాస్టల్లో వదలమంటే ఏ తల్లీ వదలదు. మనం ఇక్కడ డేకేర్ లో ఎనిమిది గంటలు వదలడానికే కిందామీదా పడతాం.

అందుకని నా అభిప్రాయం ఇది. పెద్దపిల్లలకి హాస్టల్, ఊళ్ళో అవ్వా తాతా ఉంటే ఊరి బడి. చిన్నవాళ్ళు ఎలాగూ అమ్మ వెంట పోతారు. పోయినచోట బడి ఉంది, పొయ్యి ఉంది, బియ్యం ఉన్నాయి. లేనిదల్లా ఒక వరస. అతిథి పిల్లలు అని. డ్రాప్ బాక్స్ లో పడేయకుండా, పేరు సొంత బడిలోనే ఉంచి, దిగినచోట ఆ నంబరు కొట్టగానే ఆ పూట హాజరూ ఆ పూట అన్నం రెండూ వాడి ఖాతాలో పడాలి. వంటమనిషికి ఆ పళ్ళెం డబ్బు రావాలి. సొంత బడి పట్టీలో ఎర్రసిరా బదులు "ఫలానా ఊరి బడిలో హాజరు" అని కనిపించాలి. రాసేవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, ఇది రేషన్ మిషన్ వెనక ఉన్న ప్రోగ్రాంకంటే కష్టమైందేం కాదు. నంబరు మరచిపోయి వచ్చిన పిల్లవాడికి? ముందు అన్నం పెట్టి తర్వాత నంబరు వెతకాలి.

దీనికి వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. దొంగ పిల్లలు. లేని పిల్లల పేర్లు రాసి బియ్యం తినేస్తారని. ఇప్పుడు తినడం లేదా ఏమిటి? ఇప్పటి పద్ధతిలో వలసపోయిన పిల్లవాడి హాజరు ఊళ్ళో వేసేసి వాడి వాటా మిగుల్చుకోవడం సులువు, ఎందుకంటే వాడు ఇంకెక్కడా కనిపించడు. రెండుచోట్లా ఒకే నంబరు పడితే ఆ మోసం అదేరోజు బయటపడుతుంది. అతిథి వరస ఉంటే దొంగలెక్క తగ్గుతుంది కానీ పెరగదు.

అన్నం దొరికినంత మాత్రాన పది రోజుల బడిలో చదువేం వస్తుందని మీరు అడగొచ్చు. పెద్దగా రాదు. రాయచూరు వైపు పోయినవాడికైతే కన్నడ బడి, అక్షరాలే వేరు. కానీ పదిరోజులు బడి గడప తొక్కిన పిల్లవాడికీ ఆరునెలలు తొక్కనివాడికీ జూలైలో తేడా ఉంటుంది. పట్టీలో పేరు ఉంటుంది, నాన్నని తీసుకురమ్మని ఎవరూ అనరు. మధ్యాహ్నం ఒక పూట భోజనం అక్కడ దొరుకుతుందంటే ఆ రెండు గంటలు గొర్రెపిల్లల కాపలా ఇంకెవరికైనా అప్పగించడానికి తల్లికీ ఒక కారణం దొరుకుతుంది.

ఇక వంటగది కట్టించడానికి చందాలు పోగుచేసే మిత్రులకి ఒక విన్నపం. వంటగదులు కట్టాల్సింది సర్కారు, దానికి పద్దు ఉంది. అదే డబ్బుతో మండలానికి ఒక మనిషిని, వీలైతే ఆ కులాల్లోనే పది చదివిన అమ్మాయినో అబ్బాయినో, జనవరి నుంచి జూన్ దాకా జీతమిచ్చి పెట్టండి. యాకిమాలో తోటలు తిరిగేవాళ్ళ లాగా ఆ మనిషి మందలు తిరిగి పిల్లల పేర్లు, నంబర్లు రాసుకుని, దగ్గర్లో ఉన్న బడికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి వరసలో కూర్చోబెట్టాలి. ఫోటోకి పనికొచ్చే శిలాఫలకం ఏమీ ఉండదు, ముందే చెబుతున్నాను.

ఇది చదివేవాళ్ళలో కర్నూలు, నంద్యాల, పల్నాడు వైపు సర్కారు బడుల్లో పనిచేస్తున్న పంతుళ్ళు, పంతులమ్మలు ఉంటే మీకూ ఒక పని. ఈ సంక్రాంతి తర్వాత మీ బడి చుట్టూ కాలవ కింద మందలు దిగినప్పుడు ఒక సాయంత్రం అటు నడిచి వెళ్ళి ఆరు నుంచి పద్నాలుగేళ్ళ లోపు పిల్లలు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి, వాళ్ళ సొంత ఊరి పేరుతో సహా మీ మండల విద్యాధికారికి కాగితం మీద రాసి ఇవ్వండి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.